వంటింటి డైరీ: సున్నం, పనస చెక్క, టెక్కలి రాయి

కనుమ వెళ్లాక

ఇన్నాళ్లూ "పండగ వెళ్లనీ" అంటూ నెట్టుకొచ్చాం. పండగ వెళ్లింది. వంటసామానంతా వసారాలోకి చేరింది, గ్యాస్ పొయ్యి పాత బల్ల ఎక్కింది, వంటింటి పని మొదలైంది.

ఇల్లు శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో. మా మావయ్యగారి తండ్రి కట్టించింది. సున్నంతో కట్టిన ఇటుక గోడలు, పైన తాటి వాసాల మీద బెంగుళూరు పెంకు. గోడలకి ఇప్పటికీ వంక పెట్టలేం. గొడవల్లా మధ్యలో ఎప్పుడో చేయించిన మరమ్మతుతోనే. "సున్నం గోడలేటి, రాలిపోతాయి" అని ఎవరో అంటే, లోపలంతా సిమెంటు ప్లాస్టింగ్ చేయించి మీద నూనె రంగు కొట్టించారట. అప్పటి నుంచి ఉత్తరపు గోడకి చెమ్మ వదల్లేదు. వానాకాలం వస్తే చాలు, రంగు బుడగలు కట్టి లేస్తుంది. గోరుతో గీకితే తెల్లగా ఉప్పు రాలుతుంది. మా పెళ్లయ్యాకే ఆ గోడకి చాలాసార్లు లప్పం పెట్టి రంగు వేయించాం. రెండో వాన కూడా ఆగదు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. నేలలోని తడి ఇటుకల గుండా పైకి పాకుతుంది. పాత గోడకైతే సున్నపు పూత ఉండేది, దాని సన్నని రంధ్రాల్లోంచి ఆ తడి ఆవిరైపోయేది. సిమెంటూ నూనె రంగూ దారి మూసేశాక తడి పోవడానికి చోటు లేదు. తనతో తెచ్చిన ఉప్పుని అక్కడే వదులుతుంది. ఆ ఉప్పు గడ్డకట్టినప్పుడల్లా రంగుని వెనక నుంచి తోస్తుంది. అందుకని ఈసారి రంగు జోలికి పోకుండా అసలు దాని కింద పొరనే తీసేయాలనుకున్నాం.

అంతకుముందు మాడ్యులర్ కిచెన్ షాపు ఒకదానివాళ్లు వచ్చి కొలతలు తీసుకెళ్లారు. కంప్యూటర్లో బొమ్మ అందంగానే ఉంది. అందులో మా వంటింటిదంటూ మిగిలింది కిటికీ ఒక్కటే. "ఎకో ఫ్రెండ్లీ బోర్డు మేడమ్" అంటూ ఆకుపచ్చ స్టిక్కర్ చూపించాడు ఆ అబ్బాయి. ఏ జిగురు వాడారని అడిగితే కంపెనీకి ఫోన్ చేసి చెప్తానన్నాడు. ఇంకా చేస్తూనే ఉన్నాడు.

అడగడానికి కారణం ఉంది. ప్లైవుడ్‌లో పొరలైనా, పార్టికల్ బోర్డులో పొట్టైనా అంటుకునేది ఎక్కువగా ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురుతోనే. అందులో చవకైన యూరియా రకం జిగురు వేడికీ చెమ్మకీ ఆ వాయువుని కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటుంది. వంటింట్లో ఉండేవే ఆ రెండూ. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే దాన్ని మనుషులకి క్యాన్సర్ కలిగించే పదార్థంగా తేల్చింది. నీళ్లకి తట్టుకునే ప్లైవుడ్‌కి ఇచ్చే ఐఎస్ 710 గుర్తున్న బోర్డులో ఫినాల్ రకం జిగురుంటుంది, దాన్నుంచి వచ్చేది బాగా తక్కువ. బోర్డు తప్పదనుకునేవాళ్లు ఆ అంకె చూసి కొనుక్కోవచ్చు. స్టిక్కర్ రంగు చూసి మాత్రం కాదు.

మా ఆయనా నేనూ పెట్టుకున్న షరతు ఒక్కటే. ఏ వస్తువు గుమ్మం లోపలికి వచ్చినా అది ఎక్కడి నుంచి వస్తోందో, రేపు పీకేస్తే ఎక్కడికి పోతుందో తెలియాలి.

పొర ఊడదీసిన వారం

సిమెంటు పొర తీయడానికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. డ్రిల్లింగ్ మెషిన్ వద్దని, సుత్తీ శానంతోనే కొట్టమని పట్టుబట్టాను. మెషిన్ అదురుకి లోపలి సున్నం కీళ్లు కదులుతాయి. కుర్రాళ్లకి అది నచ్చలేదు, కూలి రోజులు పెరిగాయి. అయితే పొర పలకలు పలకలుగా ఊడి వచ్చింది. సిమెంటు ఇటుకని సరిగ్గా పట్టుకోనేలేదు, చాలాచోట్ల చేత్తో లాగితేనే వచ్చేసింది.

పాత వంటగట్టు కింద ఉన్న అడ్డగోడలు కూడా తీశాం. వాటిలో రెండు తరాల పనీ కనిపించింది. సున్నంతో కట్టిన వరసలో ఇటుక ఇటుకగా విడిపోయింది. తాపీ వెనకభాగంతో తట్టితే సున్నం పొడిగా రాలిపోయి, ఇటుక మళ్లీ కొత్తదైపోయింది. వేలితో కొడితే ఖంగుమంది. సిమెంటుతో తర్వాత కట్టిన భాగంలో ఇటుకల్ని పట్టి ఉంచే మాలు గట్టిది, ఇటుక మెత్తది. విడదీయబోతే ఇటుకే ముక్కలైంది. పీకేస్తే ఎక్కడికి పోతుందన్న రెండో ప్రశ్నకి జవాబు మా పెరట్లోనే రెండు కుప్పలుగా పడి ఉంది.

మంచి ఇటుకలన్నీ కొత్త గట్టు కిందికి సరిపోతాయి. ముక్కలైనవి పొడి కొట్టించడానికి పక్కన పెట్టాం. సిమెంటు పెళ్లలు పెరట్లో చప్టా కింద గుంత పూడ్చడానికి వాడేశాం. ట్రాక్టరు పిలిచి ఏ చెరువుగట్టునో పారబోయించే పని తప్పింది.

గోడ ఒట్టి ఇటుకలతో అలాగే ఆరాలి. తొందరపడకూడదు. పొడి చీపురుతో ఉప్పు దులపడమే ప్రస్తుతం పని. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది.

రథసప్తమి ముందు

సున్నం పని తెలిసిన మేస్త్రి కోసం చాలా వాకబు చేయాల్సి వచ్చింది. దొరికిన పెద్దాయన గుళ్ల మరమ్మతుల్లో పనిచేసినవాడు. వచ్చి, గోడని అరచేత్తో తడిమి, "ఏటమ్మా, ఇన్నాళ్లూ దీనికి ఊపిరాడనివ్వలేదు మీరు" అన్నాడు. అత్తయ్యకి ఆ మాటతోనే నమ్మకం కుదిరింది. ఆవిడ మొదటినుంచీ సున్నం పార్టీయే.

బజార్లో దొరికే పొడి సున్నం ఆయనకి ఇష్టం లేదు. కాల్చిన సున్నపురాయే కావాలన్నాడు. తెప్పించాం. నీరు కొట్టే పని ఆయన దగ్గరుండి చేయించాడు. పిల్లల్ని లోపలికి పంపించేశాడు. పాత ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, రాళ్లని కొద్దికొద్దిగా ఆ నీళ్లలో వేయాలి. రాళ్లు వేసి వాటి మీద నీళ్లు గుమ్మరిస్తే ఎగజిమ్మి కళ్లలో పడుతుంది, చూపే పోవచ్చు. రాయి పడ్డ కాసేపటికి నీళ్లు కుతకుతా ఉడకడం మొదలైంది. డ్రమ్ము దగ్గర నిలబడలేకపోయాం. పనివాళ్లందరికీ కళ్లద్దాలు ఇచ్చాం. చేతులకి ఆయన తన పద్ధతిలో కొబ్బరి నూనె రాయించాడు.

తర్వాత జల్లెడ పట్టి, పైన నాలుగు వేళ్లు నీళ్లు నిలిచేలా డ్రమ్ములోనే వదిలేశాం. ఎంత నానితే అంత మంచిదట. పూతకి తీసేనాటికి వెన్నలా ఉండాలి, తాపీ తిరగేసినా జారిపోకూడదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. సున్నానికి కాలుష్యం లేదని చెప్పేవాళ్లని నమ్మకండి. 100 కిలోల మంచి సున్నపురాయి కాలిస్తే 56 కిలోల సున్నం చేతికొస్తుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడుగా గాల్లో కలుస్తుంది. బట్టీలో పెట్టిన కట్టెలో బొగ్గో దానికి అదనం. తేడా ఏమిటంటే సున్నం 900 డిగ్రీల దగ్గర తయారవుతుంది, సిమెంటుకి ముడిసరుకైన క్లింకరు కాలడానికి 1450 డిగ్రీలు కావాలి. పైగా గోడెక్కిన సున్నం ఆరుతూ గాల్లోని కార్బన్ డయాక్సైడుని చాలామటుకు తిరిగి పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. ఆ పీల్చుకోవడం ఏళ్ల తరబడి సాగుతుంది. ప్రపంచం మొత్తం మీద వెలువడే కార్బన్ డయాక్సైడులో 7, 8 శాతం సిమెంటుదే అంటారు. మా ఒక్క వంటింటితో అది తగ్గుతుందన్న భ్రమ నాకేం లేదు. నాకు ముందు ఆ ఉత్తరపు గోడ ఆరాలి.

రథసప్తమికి మేస్త్రి అరసవల్లి వెళ్లాడు. పనికి సెలవు.

మాఘం చివర్లో

పూత మొదలైంది. ఇంత శ్రద్ధగా నేను ఇంకే పనీ చూడలేదు.

కరక్కాయలు సీతంపేట సంత నుంచి తెప్పించాం. వాటిని చితక్కొట్టి, బెల్లం వేసి, కుండలో నీళ్లు పోసి నానబెట్టారు. నాలుగు రోజులకి నీళ్లు ముదురు గోధుమరంగుకి తిరిగి పులిసిన వాసన వేశాయి. వీధిలో వెళ్లేవాళ్లు "ఏటి వండుతున్నారు" అని అడిగారు. పూతలో మామూలు నీళ్ల బదులు ఇవే. బెల్లం వల్ల మాలు తొందరగా బిగుసుకోదు, పనివాడికి చేతినిండా సమయం దొరుకుతుంది. కరక్కాయలోని వగరు పూతకి గట్టిదనం ఇస్తుందని మేస్త్రి చెప్పాడు.

మొదటి పొరకి నానిన సున్నం ఒక పాలు, ఇటుక పొడి ఒక పాలు, వంశధార ఇసుక రెండు పాళ్లు. ఇటుక పొడినే సుర్కీ అంటారు. పక్కన పెట్టిన ఇటుక ముక్కల్లో బాగా కాలినవి ఏరి కొట్టించాం. ఒట్టి సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది, అదీ నింపాదిగా. కాలిన మట్టిపొడి కలిస్తే సున్నంతో రసాయనికంగా కలిసి తడిలో కూడా బిగుసుకుంటుంది. చెమ్మ గోడకి ఇది కావాల్సిందే. ఎద్దుల గానుగలు ఇప్పుడెక్కడున్నాయి? రోకళ్లతో దంచారు. ఒక మనిషి దంచుతుంటే ఇంకో మనిషి తిరగేస్తూ కరక్కాయ నీళ్లు చిలకరించడం. ఇసుక గరగర పోయి, రోకలి తీసినప్పుడు మాలు సాగి అంటుకునేదాకా ఆయన ఆపనివ్వలేదు.

గోడని ముందురోజు సాయంత్రమే తడిపారు. పొద్దున మళ్లీ తడిపారు. పొడి ఇటుక మీద పూస్తే పూతలోని నీళ్లన్నీ ఇటుక తాగేసి పొర పెళ్లుగా లేస్తుంది. ఒక్కో పొర అర అంగుళం దాటకూడదు. తాపీతో మాలుని గోడకి విసిరి కొట్టి, చెక్కతో అదిమి, మర్నాడు కాస్త బిగిశాక మళ్లీ అదిమారు. వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తాయి, వాటిని అప్పుడే అదమాలి. ఆలస్యమైతే అవి అలాగే ఉండిపోతాయి.

ఇంక కాపలా మాది. గోనెసంచులు తడిపి గోడకి వేలాడగట్టాం, పొద్దునా సాయంత్రం తడపడం. కిటికీకి పాత చీర కట్టి ఎండ సూటిగా పడకుండా చేశాం. సిమెంటు మేస్త్రులు సున్నాన్ని వద్దనేది దీనికే అనుకుంటాను. పని పూర్తయ్యాక కూడా పని ఉంటుంది. ఎండలు ముదిరాక ఈ పని పెట్టుకోకూడదు. మాఘ, ఫాల్గుణాలు దీనికి అనువైనవి.

శివరాత్రి దాటాక

పొయ్యి వెనకవైపు గోడ గురించి ఇంట్లో చిన్న యుద్ధం. నూనె చింది మరకలు పడతాయి, టైల్స్ వేయించమని మా ఆయన. రాయితో రుద్ది నున్నగా చేసే సున్నపు గచ్చు చేయిస్తే తుడుచుకోవచ్చని మేస్త్రి. చివరికి మేస్త్రి మాటే నెగ్గింది, ఒక షరతు మీద. పొయ్యికి సరిగ్గా వెనక మాత్రం గ్రానైటు ముక్క నిలబెట్టాలి.

ఆఖరి పూతకి మెత్తటి సున్నమూ వస్త్రగాళితం పట్టిన సన్న ఇసుకా సగం సగం. గోరు మందం. అది సగం బిగిశాక మేస్త్రి తన సంచిలోంచి నున్నటి గులకరాయి తీశాడు. నాగావళిలో ఏరుకున్నదట, ఆయన గురువుది. దాంతో గోడని చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దడం మొదలుపెట్టాడు. జానెడు మేర మెరుపు రావడానికి చాలాసేపు పట్టింది. మర్నాడు సబ్బు నీళ్లు పూసి మళ్లీ రుద్దాడు. సబ్బులోని కొవ్వు సున్నంతో కలిసి నీళ్లలో కరగని పొరగా మారుతుంది. స్నానాల గదిలో కుళాయిల మీద తెల్లగా పేరుకునేది కూడా అదే పదార్థం. అక్కడ విసుగు, ఇక్కడ ఉపయోగం.

చెయ్యి పెట్టి చూస్తే చల్లగా, నున్నగా ఉంది. దీని మీద పులుసు నీళ్లు నిలవనివ్వకూడదని, వెనిగరు అసలే తగలనివ్వకూడదనీ ఆయన హెచ్చరిక. పులుపు సున్నాన్ని తినేస్తుంది.

మిగతా గోడలకి వెల్ల. రంగు దగ్గర అత్తయ్య పసుపు కలపమంది. పసుపులో సున్నం పడితే ఏమవుతుందో పారాణి కలిపిన చేతులకి తెలియదా అంటే నవ్వేసింది. ఎర్రబడుతుంది, అదీ నాలుగు ఎండలకి వెలిసిపోతుంది. పసుపుపచ్చ మట్టి, ఎర్రమట్టి లాంటివైతే ఇనుము రంగులు, సున్నం వాటినేమీ చేయలేదు. పచ్చమట్టి నానబెట్టి వడకట్టి, కాస్త తుమ్మ జిగురు వేసి కలిపాం. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించి కంగారు పెట్టింది. ఆరాక లేత వెన్నెల రంగు.

పేడతో చేసే రంగు గురించి కూడా ఆలోచించాం. ఖాదీ కమిషన్ 2021 జనవరిలో తెచ్చింది కదా, ప్రాకృతిక్ పెయింట్ అని. మామూలు గోడైతే అదే వేసేదాన్నేమో. కొత్త సున్నం గోడకి వెల్లని మించింది లేదు.

ఉగాది

నేల జోలికి పోలేదు. పాత మొజాయిక్. ఒక మూల పగులు, ఒకచోట గుంట. వచ్చినవాళ్లందరూ "పన్లో పని టైల్స్ వేయించేయండి" అన్నారు. బాగున్న నేలని పగలగొట్టి దాని మీద కొత్తది వేయడం నా లెక్కలో కుదరదు. గుంట పూడ్చి పాలిష్ పట్టించాం. ఒక్కరోజు పని.

వంటగట్టుకి మామూలుగా కాంక్రీటు పలక పోసి, దాని మీద గ్రానైటు అంటిస్తారు. ఆ పలక అవసరం లేదనిపించింది. పాత ఇటుకలతో అడ్డగోడలు రెండడుగుల లోపు ఎడంతో కట్టి, వాటి మీద గ్రానైటు నేరుగా పరిచాం. పొయ్యి ఉండే చోట కింద ఇంకో పలక. ఇనుమూ లేదు, కాంక్రీటూ లేదు. రేపెప్పుడైనా విప్పాలంటే ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు.

రాయి టెక్కలి నుంచి. మాకు అరగంట దూరం. ఆ నీలి గ్రానైటుకి విదేశాల్లో కూడా పేరుంది. ఆ పేరుకి తగ్గట్టే ఇక్కడి కొండలు తరుగుతున్నాయి, బస్సులో వెళ్తుంటే కనిపిస్తూనే ఉంటుంది. దగ్గరిదే కదా అని కొత్త పలకలు కోయించడానికి మనసొప్పలేదు. పాలిష్ యార్డుల్లో పెద్ద ఆర్డర్లకి కోయగా మిగిలిన అంచుముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిలోంచి కొలతకి పనికొచ్చేవి ఏరుకున్నాం. ఒకే రాతివి కావు. ఒకటి నీలంగా మెరుస్తుంది, పక్కది కాస్త బూడిద రంగు. అతుకులు గోడల మీదికి వచ్చేలా పేర్చాం. కొత్త పలకలకి అయ్యేదాంట్లో సగం కూడా అవలేదు.

కడప నల్లబండ చవక కదా అని అడిగినవాళ్లకి ఒక మాట. అది సున్నపురాయి జాతి. అరల్లోకి బ్రహ్మాండంగా పనికొస్తుంది. గట్టు మీద మాత్రం నిమ్మకాయ కోసినచోటల్లా, చింతపండు పులుసు ఒలికినచోటల్లా మెరుపు పోయి మచ్చ పడుతుంది. గ్రానైటుకి ఆ బాధ లేదు. ఊరగాయ జాడీల అరకి కూడా గ్రానైటు ముక్కే వేయించాను. అక్కడి ఉప్పుకి చెక్కా ఇనుమూ తట్టుకోవు.

గట్టు ఎత్తు రెండు రకాలు. అత్తయ్య పొట్టి, నేను పొడుగు. మోచేతి కంటే నాలుగైదు అంగుళాలు కిందకి ఉంటే తరగడానికి భుజాలు నొప్పెట్టవు. కిటికీ దగ్గరి భాగం ఆవిడ కొలతకి, మిగతాది నాకు. రోలు కిందే ఉంటుంది. దాన్ని కదిలించే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

సింకు కిందా పైపుల చుట్టూ మాత్రం సిమెంటే వాడాం, స్లాగ్ సిమెంటు. ఉక్కు కర్మాగారాల్లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర మిగిలే చిట్టెం కలిపి చేసేది. అందులో క్లింకర్ అంతమేరకు తగ్గుతుంది. నీళ్లు ఎప్పుడూ కారే చోట సున్నంతో పంతానికి పోవడం నాకు ఇష్టం లేదు.

ఎండలు ముదిరాక

వడ్రంగి వచ్చాడు. నాకు బాగా ఇష్టమైన ఘట్టం.

చెక్క మా పుట్టింటిది. కవిటి దగ్గర మా నాన్నగారి తోటలో పెద్ద పనసచెట్టు ఉండేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు మా తీరప్రాంతం ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఏదీ మిగల్లేదు. ఆ చెట్టు కూడా వేళ్లతో సహా పడిపోయింది. అప్పట్లో చెట్లు కొన్నవాడు లేడు, ఇచ్చిందే ధర. నాన్న అమ్మలేదు. మిల్లులో కోయించి, పలకకీ పలకకీ మధ్య పుల్లలు పెట్టి గాలాడేలా పాకలో పేర్చించారు. అంగుళం మందం చెక్క నీడలో ఆరడానికి సుమారు ఏడాది పడుతుందని వడ్రంగులు లెక్క వేస్తారు. ఇది ఎప్పుడో ఆరిపోయింది.

వడ్రంగి మొదటి పలక మీద తోపుడా, అదే చిత్రిక, తోసేసరికి లోపల పచ్చటి పసుపు. పనస కొత్తగా తోసినప్పుడు అలాగే ఉండి, వెలుతురు తగిలేకొద్దీ తేనెరంగుకీ తర్వాత ఎర్రటి గోధుమరంగుకీ తిరుగుతుంది. "బొబ్బిల్లో వీణలు చేసేది దీంతోనేనమ్మా. మీరేమో పప్పుల డబ్బాలు పెడతానంటన్నారు" అన్నాడు. నిజమే, అక్కడ వీణ మొత్తాన్ని ఒకే పనస దుంగలో తొలుస్తారు. మా తలుపులకి అంత యోగం లేదు.

చేవ ఉన్న భాగాన్ని చెదలు అంత తొందరగా ముట్టుకోవు. అంచుల్లో తెల్లగా ఉండే చెక్కని మాత్రం పురుగు వదలదు, దాన్ని నిర్మొహమాటంగా కోయించేశాను. తలుపు పలకని చట్రానికి జిగురుతో అంటించవద్దన్నాను, అతను ఎలాగూ అంటించేవాడు కాదు. గాడి తీసి అందులో వదులుగా నిలబెట్టాడు. మన సముద్రపు గాలికి వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. కదలడానికి చోటిస్తే పగలదు. పాత కిటికీల నుంచి తీసిన ఇత్తడి మడత బందులు చింతపండుతో తోమి మళ్లీ వాడాం.

అన్నిటికీ తలుపులు పెట్టలేదు. గట్టు కింద సగం అరలు తెరిచే ఉంటాయి, ఉల్లిపాయలూ దుంపలూ ఉండేచోట జాలీ తలుపులు. గాలాడని అరలో బూజు ఊరికే పట్టదు.

గోడకి తగిలే చట్రాల వెనకవైపు జీడితొక్కల నూనె పూయించాం. పలాసలో జీడిపప్పు తీశాక మిగిలే తొక్కల్ని ఆడిస్తే వచ్చే నల్లటి నూనె ఇది. చెదలకి గిట్టదు. ఉద్దానం ఆడపిల్లని కాబట్టి దీని సంగతి నాకు చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు పచ్చి జీడిపిక్కలు కొట్టి చేతులు బొబ్బలెక్కనివాళ్లు మా ఊళ్లో లేరు. తొడుగులు వేసుకుని, పొడుగు పిడి కుంచెతో, బయట గాల్లో పెట్టి పూశారు. ఆరడానికి బాగా సమయం పట్టింది, వాసన కూడా ఘాటు. చెయ్యి తగిలే చోట, సరుకులుండే వైపు మాత్రం అస్సలు వాడకూడదు.

రోహిణి కార్తె

పనివాళ్లకి పొద్దున్నే చోడి అంబలి, పదకొండుకల్లా పని ఆపేయడం. మళ్లీ సాయంత్రమే.

తలుపుల ముందువైపు అవిసె నూనె. గుడ్డతో పలచగా రుద్ది, పీల్చుకోనిచ్చి, మిగిలింది తుడిచేయాలి. ఆరాక రెండో పూత. ఆఖరున తేనెమైనం కరిగించి అదే నూనెలో కలిపి రాసి మెరుగు పెట్టాం. వార్నిష్ మెరుపు రాదు. గీత పడితే అక్కడ మళ్లీ కాస్త నూనె రుద్దితే సరిపోతుంది, మొత్తం గీకి మళ్లీ కొట్టే పని ఉండదు.

అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. అవిసె నూనె గాలితో కలిసి గట్టిపడుతూ వేడిని వదులుతుంది. నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల అవసరం లేకుండానే అంటుకుంటాయి. ఈ ఎండల్లో మరీను. గుడ్డల్ని వాడిన వెంటనే బకెట్ నీళ్లలో ముంచి, తర్వాత దండెం మీద విడివిడిగా ఆరేశాం.

పైకప్పులో పగిలిన పెంకులు మార్చేటప్పుడు రెండు చోట్ల గాజు పెంకులు వేయించాం. పగలు లైటు వేయక్కర్లేకుండా పోయింది. తాటి వాసాలు ఇంకా ఉక్కుముక్కలే, వాటిని ముట్టుకోలేదు. పాత పొగగూడులో ఎగ్జాస్ట్ ఫ్యాను అమిరింది. చిమ్నీ అక్కర్లేదు.

మృగశిర వచ్చాక

సింకు నీళ్లు ఇన్నాళ్లూ వీధి కాలవలోకి పోయేవి. ఇప్పుడు ముందు జిడ్డు ఆగడానికి చిన్న తొట్టె, తర్వాత కంకర, ఇసుక నింపిన గుంత, అందులో మెట్టతామర, అక్కడి నుంచి అరటి బోదెకి. తొట్టెలో తేలే జిడ్డు వారానికోసారి తీయాలి, లేకపోతే కంపు. ఆ పని మా ఆయనకి అప్పగించాను. గిన్నెలకి కుంకుడు పులుసు వాడదామనుకున్నాం. మామూలు గిన్నెలకి బాగుంది, వేపుడు మూకుడుకి మాత్రం సబ్బు బిళ్లే దిక్కు.

చూడవచ్చినవాళ్లు ఖర్చు ఎంతయిందని అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను. మాడ్యులర్ షాపువాళ్లు చెప్పినదానికంటే తక్కువే అయింది, అయితే మరీ తక్కువేం కాదు. చెక్క కొనాల్సి వస్తే దాదాపు సమానమయ్యేది. అయినదాంట్లో సగం పైన కూలికే పోయింది. మేస్త్రికీ, దంచిన ఆడవాళ్లకీ, వడ్రంగికీ. అది నాకు బాధగా లేదు. బాధపెట్టింది సమయమే. షాపువాళ్లు వారంలో బిగించేస్తామన్నారు, మాకు సంక్రాంతి నుంచి తొలకరి దాకా పట్టింది. ఇంట్లో రెండో చోట వంటకి వీల్లేనివాళ్లు, అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఈ పద్ధతి పెట్టుకోకపోవడమే మంచిది. ఉత్త అరలూ గట్టూ మార్చుకుంటే చాలు.

నిన్నా మొన్నా వాన దంచికొట్టింది. ఉత్తరపు గోడ అడుగున, నేలకి జానెడు ఎత్తులో తడి మచ్చ వచ్చింది. మేస్త్రికి ఫోన్ చేశాను. "రానీయమ్మా, తడి రావాలి, పోవాలి. దాని మీద ఏదీ పూయకండి" అన్నాడు. ఈ పొద్దున వాన తెరిపి ఇచ్చాక చూస్తే మచ్చ సగానికి తగ్గింది, సన్నగా ఉప్పు తేలింది. చీపురుతో దులిపాను. రెండు మూడేళ్లు ఇలా ఉప్పు వస్తూనే ఉంటుందట, పూత లోపల పాత ఉప్పు బోలెడుంది కదా. దసరాకి ముందు ఆ గోడ వరకు ఇంకో చెయ్యి వెల్ల వేయాలి. డ్రమ్ములో సున్నం మిగిలే ఉంది, పైన నీళ్లు తగ్గకుండా చూసుకోమన్నాడు.